గుజ్జుతోలు – దాని గుణదోషములు



ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల ఇల్లాండ్రకు బట్టను పరీక్షించుట ఒకరు నేర్పనక్కఱలేదు. ఆదవాని పత్తికి పేరుపడిన సంత. ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అచ్చట చేనేతగాండ్ర సహకార సంఘ మేర్పడినది మొదలు ఆ ఊరి దుప్పటులును తువ్వాళ్లును ఎఱుగని యిల్లు ఈ సీమలో అరుదు. పోగును వ్రేళ్ల నడుమ నులిమి, అంచును వెలుతురున కెత్తి చూచి, ఇది పొడుగు పింజ నూలు, ఇది తుక్కుదూది నూలు అని మనము చెప్పగలము. అంగడివాని మాటతో మనకు పనిలేదు.

తోలువస్తువుల విషయమున మాత్రము మన కీ నేర్పు లేదు. బిడ్డల పాదరక్షలు, మగవారి నడికట్లు, మన చేతిసంచులు, కుర్చీలు, సోఫాలు, వీనిని కొనునప్పుడు "లెదర్" అను నొక్క మాట విని రూకలు చెల్లించి వత్తుము. ఆ యొక్క మాటక్రింద నేడు బజారున నాలుగైదు తీరుల సరకు అమ్ముడగుచున్నది. అందు మిక్కిలి క్రొత్తగ వ్యాపించుచున్నది "బాండెడ్ లెదర్" లేక "రీసైకిల్డ్ లెదర్" అను సరకు. తోలు తునకలను నలిపి, జిగురుతో కూర్చి, పలకలుగా ఒత్తినదే యది. ఈ వ్యాసమున దానిని గుజ్జుతోలు అందును.

మా వీధిలో ఒక పడుచు ఇల్లాలు, మగనికి జీతము పెరిగిన సందర్భమున, పట్టణపు అంగడినుండి రెండు కుర్చీలు తెప్పించినది. చీటిపై "లెదర్" అని అచ్చువేసి యున్నది. నల్లనివి, నిగనిగలాడునవి. మొదటి వేసవి గడచినది. రెండవ వేసవియు, దాని వెనుక వానలును గడచునప్పటికి తల యానించు చోటను, చేయి మోపు చోటను నల్లపొర చేపపొలుసువలె రేగి కట్టుబట్టల కంటుకొనసాగెను. దానిక్రింద గోధుమవన్నె పొట్టువంటి పదార్థము. ఆ క్రింద పలుచని గుడ్డ. అంగడివారిని అడుగగా "అమ్మా, అది తోలే" అనిరట. ఆమె నా యొద్దకు వచ్చి, "అక్కా, వాళ్లు చెప్పేది అబద్ధమా?" అని యడిగినది. అబద్ధ మనుటకు వీలులేదు. నిజ మనుటకును వీలులేదు. అందలి మర్మము తెలియవలెనన్న ముందుగా తోలనగా నేమో తెలియవలెను.

తోలు ప్రకృతి నేసిన నేత. పశువుల చర్మమున కొల్లాజెన్ అను మాంసకృత్తు సన్నని పోగులుగా, ఆ పోగులు జట్టులుగా కూడి, అన్ని దిక్కులకును పెనవేసికొని యుండును. మగ్గపు బట్టకు పడుగు, పేక యని రెండే దిక్కులు. తోలునకు దిక్కుల లెక్కలేదు. కావుననే దానిని ఎటు లాగినను తేలికగా చినుగదు. లక్షసారులు వంచినను విఱుగదు. పైభాగమున ఈ పోగులు మిక్కిలి సన్నములై దట్టముగ నుండును. వెంట్రుకల కుదుళ్ల గుఱుతులు గల ఆ పొరయే తోలునకు ముఖము. లోనికి పోనుపోను పోగులు బలిసి అల్లిక వదులగును.

పచ్చి చర్మము తడిసిన క్రుళ్లును, ఎండిన కొయ్యవలె బిగియును. అట్లు గాకుండ చేయు సంస్కారమునే పదునుచేయుట యందురు. మన మెట్టచేల గట్లపై పసుపుపూలు పూచు తంగేటి చెక్కయు, కరక్కాయయు దక్షిణదేశమున తరతరములుగ ఇందుల కుపయోగపడినవి. తంగేటికి ఇంగ్లీషువారు పెట్టిన పేరున "టానర్" అను మాట కలదు. తోలు పదునుచేయువాడని దాని యర్థము. 1903 ప్రాంతమున మదరాసు కళాపాఠశాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను నతడు క్రోము లవణములతో పదునుచేయు క్రొత్తపద్ధతిని ప్రయోగించి, నీట నానినను చెడని ఆ తోలుతో బావులలో నీరు తోడు కపిల బొక్కెనలు కుట్టించెను. ఆ కాలమున ఆదవాని, ఎమ్మిగనూరులు మదరాసు రాజధానిలోని బళ్లారి జిల్లాకు చేరినవి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసినవి. నేడు లోకమున తయారగు తోలులో నూటికి ఎనుబదికి తక్కువ గాకుండ క్రోముతో పదునుచేసినదే.

ఇక గుజ్జుతోలు పుట్టుకకు వత్తము. ఉప్పు వేసిన పచ్చితోలు 1000 కిలోలు కర్మాగారమునకు పోయినచో, వస్తువులు కుట్టదగిన తోలు సుమారు 200 మొదలు 250 కిలోల వఱకే తేలును. మిగిలినది కొంత నీరు, కొంత క్రొవ్వు, కొంత మాంసపు తునకలు. పదునుచేసిన పిమ్మట గూడ తోలు మందము సమముగ నుండుటకై యంత్రముతో చిత్రికపట్టుదురు. అప్పుడు పొట్టు కుప్పలుగ రాలును. పిదప చెప్పులు, సంచులు కత్తిరించు చోట తునకలు మిగులును. ఈ పొట్టును తునకలును ఊరిబయట పాఱబోయుటయే పూర్వపు ఆచారము. క్రోము గల కుప్పలు నేలకును నీటికిని మేలు చేయవు. కావున వానిని మరల ఉపయోగమునకు తెచ్చు యత్నము మెచ్చదగినదే.

ఆ పద్ధతి మనకు క్రొత్త గాదు. మన పెద్దవాండ్రు చినిగిన కాగితములను నానవేసి, మెంతులు చేర్చి రోట రుబ్బి, ఆ గుజ్జును వెదురుబుట్టలకు మెత్తి ఎండబెట్టెడివారు. బుట్ట సందులు మూసికొని, పిండియైనను నిలువయుండెడిది. గుజ్జుతోలు విధానమును సరిగ నట్టిదే. తోలు తునకలను యంత్రమున పీచు పీచుగ నలుపుదురు. మెంతుల జిగురునకు మాఱుగా రబ్బరుపాలు గాని, పాలీయురితేన్ అను ప్లాస్టికు జిగురు గాని కలుపుదురు. ఆ గుజ్జును పఱచి, నీరు పిండి, ఒత్తి పలకలు చేయుదురు. వెదురుబుట్టకు మాఱుగా తఱచుగ ఒక గుడ్డయో కాగితమో వెనుక నంటింతురు. తుదకు పైన ప్లాస్టికు పూత పూసి, వేడి అచ్చుతో ఒత్తి, తోలు ముఖముననుండు గీతలను, చుక్కలను దానిపై తెప్పింతురు. మనము చేత తాకునది ఆ పూతనే గాని తోలును గాదు.

ఇంగ్లండున పీటర్‌బరో పట్టణములో మఱొక పద్ధతి బయలుదేఱినది. అందు జిగురు లేకయే, మిక్కిలి ఒత్తిడి గల సన్నని నీటిధారలతో తోలుపోగులను ఒక వలగుడ్డ చుట్టును పెనవేయుదురు. ఆ సరకును బస్సుల యందును విమానముల యందును ఆసనములకు వాడుచున్నారు. 2017లో నైకీ కంపెనీవారు కనీసము సగము తోలుపోగులు గల ఇట్టి సరకుతో పాదరక్షలు తయారుచేసిరి. కావున గుజ్జుతోలు లన్నియు నొక్కటి గావు. అయినను మన బజారున చౌక కుర్చీలకును సంచులకును వచ్చునది మొదట చెప్పిన జిగురు సరకే యని తలంపవలెను.

పాత పరుపులోని దూదిని రెండుమూడుసారులు ఏకించిన పిమ్మట అది మునుపటివలె పొంగదు. పింజ తెగి పొట్టిదైపోవును. ఆ దూదితో నూలు వడికినచో పురి నిలువదు. తోలుపోగునకును ఇదే గతి. నలిపినప్పుడు పోగు పొట్టిదగును. అన్నిటికన్న ముఖ్యముగ, ప్రకృతి నేసిన అల్లిక విడిపోవును. విడిపోయిన అల్లికను ఏ జిగురును తిరిగి నేయలేదు. తోలునకు బలము పోగున గాదు, అల్లికయం దున్నది. గుజ్జుతోలున పోగున్నది, అల్లిక లేదు. "అది తోలే" యను అంగడివాని మాటలోని నిజమును అబద్ధమును ఇచ్చటనే వేఱగుచున్నవి.

ఇప్పుడు బజారులోని తరగతులను వరుసగ చెప్పెదను.

మొదటిది పూర్ణచర్మము, దీనిని ఫుల్ గ్రెయిన్ అందురు. ముఖము చెక్కుచెదరక యుండును. పశువునకు ముల్లు గీచిన మచ్చలైనను కానవచ్చును. రెండవది నున్నజేసిన తోలు, అనగా కరెక్టెడ్ గ్రెయిన్. మచ్చలు పోవుటకు ముఖమును కొంచెము అరగదీసి, రంగు పూసి, అచ్చొత్తినది. మూడవది పొరతోలు, అనగా స్ప్లిట్. దళసరి తోలును రెండు పొరలుగ చీల్చగా క్రిందికి వచ్చిన భాగము. దానికి ముఖము లేదు, అల్లిక మాత్ర మున్నది. నాలుగవది మన గుజ్జుతోలు. అయిదవది రెక్సిన్ మొదలగునవి. గుడ్డపై ప్లాస్టికు పూసినవి. అందు తోలు లేశమైనను లేదు.

వీనిని గుణముచేత పోల్చిచూతము. బలమున పూర్ణచర్మము మొదటిది. గుజ్జుతోలును కొంచెము గాటుపెట్టి లాగినచో అట్టవలె చినుగును. చెమట పీల్చి గాలి నాడనిచ్చు గుణము పూత తక్కువ గల తోలునకు కలదు. గుజ్జుతోలుపై ప్లాస్టికు పూత కప్పుటచే ఆ గుణము మిక్కిలి తక్కువ. మన వేసవులలో ఈ భేదము కాళ్లకును వీపునకును వెంటనే తెలియును. వయస్సు మీఱినకొలది మంచితోలు మెత్తబడి వన్నె తేఱును. గుజ్జుతోలు కొన్ననాడే మిక్కిలి యందముగ నుండును. ఆ తరువాత తఱుగుటయే గాని పెరుగుట లేదు. ఎండవేడిమికి జిగురు బిఱుసెక్కును. తేమకు పూత పట్టు వదలును. తలనూనెయు చెమటయు పూతను చెఱచును. పైన చెప్పిన కుర్చీలు తల యానించు చోటనే మొదట రేగుటకు హేతు వదియే. మంచితోలునకు ఏడాదికి రెండుసారులు కొంచెము నూనెపదార్థము రాచిన మేలు. గుజ్జుతోలునకు రాచిన నూనె పూతను దాటి లోనికి ఇంకదు.

మరమ్మతు విషయము వేఱుగ చెప్పవలసి యున్నది. సంతవీధి మూలను గొడుగు వేసికొని కూర్చుండు చెప్పులు కుట్టువాడు పూర్ణచర్మపు చెప్పునకు మూడుసారులు అట్ట మార్చి, వారు మార్చి, పదేండ్లు నడిపింపగలడు. గుజ్జుతోలు వారును అతని చేతి కిచ్చినచో, ఆరె దిగినచోటనెల్ల కన్నము పెద్దదై, దారము బిగించునప్పుడు తెగివచ్చును. అతని నేర్పున లోపము లేదు. కుట్టు పట్టుకొనుటకు అల్లిక యుండవలెను గదా! ఇట్టి వస్తువును కొన్న యింటివారు పాఱవేసి మఱొకటి కొందురు; కుట్టువానికి పనిపోవును. మన సొమ్మును పోవును, అతని కూలియు పోవును. చౌక యనుకొన్నది ఇద్దఱకును ఖరీదైనదే.

తోలుబొమ్మలాట చూచినవారికి మఱొక దృష్టాంతము. ధర్మవరము దాపున నిమ్మలకుంటలో బొమ్మలు చేయువారు మేకతోలును గీకి, ఆరబెట్టి, వెలుతురు పాఱునంత పలుచన చేసి, ఆ తోలునందే వందలకొలది రంధ్రములు తొలిచి ఆభరణములు తీర్తురు. అంత పలుచనైనను, అన్ని రంధ్రములు పొడిచినను సీతమ్మ చేయి ఊడిరాదు. ప్రకృతి అల్లిక తెగకుండుటచే నది సాధ్యమైనది. తోలుపొట్టుతో ఒత్తిన పలకపై ఆ పని మొదలైన చేయలేరు.

పేళ్ల విషయమున ఇతర దేశములవారు కొన్ని కట్టుబాట్లు చేసికొనిరి. ఐరోపావారి ప్రమాణము ననుసరించి, నలిపి కూర్చిన పలకలో పొడితూకమున నూటికి 50 పాళ్లకు తక్కువ గాకుండ తోలున్నప్పుడే దానిని "తోలుపోగు పలక" యనవచ్చును. ఉత్త "తోలు" అనరాదు. అసలు తోలునకైనను పైపూత 0.15 మిల్లీమీటర్లు మించినచో పూత సంగతి పేరున చేర్పవలెను. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషనువారు 1996లో ప్రకటించిన సూచనల ప్రకారము, బాండెడ్ లెదర్ అని వ్రాసినచో అందు తోలు ఎన్ని పాళ్లో, ఇతరము ఎన్ని పాళ్లో గూడ తెలుపవలెను. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వస్తువు నాణ్యమును గుఱించి గాని, అందలి ద్రవ్యములను గుఱించి గాని అబద్ధమాడి అమ్ముటను అన్యాయపు వర్తకముగ నెంచినది. కావున బిల్లుపై ఉత్త "లెదర్" అని గాక, ఏ తోలో స్పష్టముగ వ్రాయుమని యడుగుడు. అడుగుటకు సంకోచ మక్కఱలేదు. వ్రాసి యిచ్చిన కాగితము మన చేత నున్నప్పుడు 1915 అను వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయుటకు బలము కలుగును.

కొనుటకు ముందు ఇంటివారే చేసికొనదగిన పరీక్షలు కొన్ని కలవు. కుట్టు దగ్గఱ గాని, సంచి లోపల గాని, కుర్చీ అడుగున గాని కత్తిరించిన అంచును వెదకి చూడుడు. అసలు తోలు అంచున పీచు చిక్కువడి నూగువలె నుండును. గుజ్జుతోలు అంచు అట్టవలె నుండి, గోటితో గీచిన పొడి రాలును. తఱచుగ వెనుక గుడ్డపొర కానవచ్చును. రెండవది, ముఖముపై గీతలు చూడుడు. ప్రకృతి ఒకే గీతను రెండుచోట్ల వేయదు, అచ్చు వేయును. మూడవది, బొటనవ్రేలితో నొక్కుడు. మంచితోలున వ్రేలిచుట్టును సన్నని ముడుతలు వ్యాపించి, వ్రేలు తీయగనే సమసిపోవును. పైపూత దళసరియైనచో ఈ పరీక్ష తప్పవచ్చును గనుక అంచుపరీక్షనే ప్రధానముగ నెంచవలెను. వాసనను మాత్రము నమ్మకుడు. గుజ్జుతోలునను తోలుపొట్టే గలదు గావున అదియు తోలువాసన వేయును. యంత్రమున బొమ్మ చూచి తెప్పించుకొను వస్తువులకు ఈ పరీక్ష లేవియు పనికిరావు; అట్టిచోట వివరముల పట్టికను తుదివఱకు చదివి, "బాండెడ్", "పి.యు.", "ఫా లెదర్" అను మాట లున్నవేమో చూచుకొనవలెను.

కాల్చి పరీక్షించుట మంచిదని కొందఱందురు. సోదరీమణులారా, ఆ పని చేయకుడు. పాత చెప్పులను, తోలు తునకలను నీళ్లకాగు పొయ్యిలో వేయుటయు మన యిండ్లలో నున్న యలవాటే. క్రోముతో పదునుచేసిన తోలు కాలినప్పుడు అందలి క్రోము మిక్కిలి విషకరమైన రూపమునకు మాఱవచ్చును. అది పొగలోను బూడిదలోను నుండును. ఆ బూడిదతో అంట్లు తోమరాదు, పాదులకు వేయరాదు. క్రోముతోలు ధూళిని గుఱించిన భయము పత్తి పరిశ్రమలోను కలదు. గింజ నుండి దూదిని వేఱుచేయు రోలరు జిన్నులలో క్రోముతోలు బిళ్లలు గ్రుచ్చిన రోలర్లు వాడుక. అవి అరుగుచు దూదిలోను గాలిలోను తోలుధూళిని కలుపుచున్నవని యెంచి, ముంబయి యందలి కేంద్రీయ పత్తి సాంకేతిక పరిశోధనసంస్థవారు రబ్బరు పట్టించిన గుడ్డతో రోలర్లు రూపొందించిరి. మిల్లుపనివారి ఊపిరికి కావలసిన జాగ్రత్త పొయ్యియొద్ద కూర్చుండు మనకును వలయును గదా!

మఱొక సందేహము మన స్త్రీలలో తఱచుగ వినబడును. దేవుని గదిలోనికి తోలు తీసికొనిపోని యిండ్లు గలవు. జీవహింస యని తోలును ముట్టనివారును గలరు. అట్టివారికి "రీసైకిల్డ్" అను మాట భ్రాంతి కలిగింపరాదు. గుజ్జుతోలు జంతుచర్మమునుండి వచ్చినదే. పలుచోట్ల తునకలు కలిసినది గావున అది ఆవుదో, గేదెదో, మేకదో చెప్పుటకును తరము గాదు. తోలు వలదనువారు రెక్సినునో, గుడ్డసంచినో కోరవలెను. ఎమ్మిగనూరు మగ్గము దగ్గఱ నుండగా గట్టి గుడ్డసంచికి మనకు కొదువలేదు.

ఇన్ని చెప్పినను గుజ్జుతోలును నిందించుట నా యుద్దేశము గాదు. పాఱవేయు పొట్టు వస్తువైనది, అది మంచిదే. అయితే ప్లాస్టికుతో కలిసిన ఆ పొట్టు మరల విడదీయరానిది, తేలికగ మన్నులో కలియనిది యను సంగతియు మఱువరాదు. త్వరగ చెడి రెండేండ్లకే కుప్పకు చేరినచో, కుప్పను తగ్గించుటకు పుట్టిన వస్తువు కుప్పనే పెంచినదగును. కావున దానిని తగిన చోట వాడుట యుక్తము. దినదినము వంగని, ఒరయని, చెమట తగులని వస్తువులకు గుజ్జుతోలు చాలును: డైరీల అట్టలు, పుస్తకముల బైండు, నగలపెట్టె, గడియారపు పెట్టె, చెప్పులోపలి అట్ట మొదలగునవి. నడికట్టు, చెప్పువారు, బడిసంచి పట్టీ, దినమెల్ల కూర్చుండు కుర్చీ, వీనికి మాత్రము అల్లిక గల తోలే కావలెను. పూర్ణచర్మము కొన శక్తిలేనిచో పొరతోలు కొనవచ్చును. అదియు వీలుగానిచో, మంచి గుడ్డవస్తువు చెడ్డ తోలువస్తువు కన్న మేలు.

మా వీధి యిల్లాలు ఆ కుర్చీలను పాఱవేయలేదు. చట్రము గట్టిది గావున రేగిన పొరను ఒలిపించి, మందపు మగ్గపుగుడ్డతో తొడుగులు కుట్టించినది. తన మఱదలికి బడిసంచి కొనుటకు నిన్నటి దినమున బజారునకు పోయి, సంచిని తిరుగవేసి అంచు చూపుమని యడిగినదట. అంగడివాడు కొంతతడవు ఆమె మొగము చూచి, "అమ్మా, నీకు కావలసింది ఆ పై వరుసలో ఉంది" అని నిచ్చెన వేసికొని మఱొక సంచి దించెనట.